కోటల ఆటలో కిరాయి దండు: ఐదో మనిషికి రూల్స్ ఎట్లా రాసుకోవాలి

ఎండాకాలం సెలవల్లో మేము మేడ మీద ఆడే కోటల ఆటకి మొదట్లో నలుగురే. చార్టు మీద స్కెచ్ పెన్నుతో గీసిన మ్యాపు, పదహారు కోటలు, సైన్యానికి చింతగింజలు, అంతే. ఐదో మనిషి ఎవరన్నా వస్తే ఏం చేయాలో తెలీక "నువ్వు స్కోరు రాయి" అని కూర్చోబెట్టేవాళ్లం, పాపం ఆ మనిషి అరగంట రాసి, ఇంకో అరగంట ఫోన్ చూసి, ఆఖరికి లీలామహల్ సర్కిల్ దాకా పోయి బజ్జీలు తెచ్చే పనికి మిగిలేవాడు. అట్లా శానాసార్లు బజ్జీలు తెచ్చిన మా పిన్ని కొడుకు ఒకరోజు విసిగిపోయి "నాకు రాజ్యం వద్దులే అన్నా, దుడ్డు ఎవరిస్తే వాళ్ల తరపున కొట్లాడతా" అన్నాడు. భలే ఐడియా అనుకున్నాం. నలభై నిమిషాల్లో ఆట ఆగిపోయింది, ఇద్దరు మాట్లాడుకోవడం మానేసినారు, ఒకరు చెప్పులేసుకుని ఇంటికి పోయినారు.

ఎందుకంటే వాడు రూల్ లేకుండా దిగినాడు. సైన్యం ఉండాది, పోగొట్టుకోడానికి ఏమీ లేదు, మనసులో ఎవరు గెలవాలనుంటే వాళ్లని గెలిపించేస్తాడు. ఆ రోజు గెలిచింది ఎవరో చెప్పక్కర్లేదు, వాడి సొంత అన్న.

ఆ తర్వాత రెండు ఎండాకాలాలు కొట్టేసి, దిద్ది, మళ్లీ రాసి తయారుచేసిన రూల్స్ ఇవి. మీ ఆట వేరే అయినా పర్లేదు, అంకెలు మార్చుకోండి, కానీ ఏ రూల్ ఎందుకు పెట్టినామో అది మాత్రం చదవండి, ఎందుకంటే అన్నిటికీ మూలం ఒకటే: దండు నాయకుడు నిజాయితీగా ఉండాలని రూల్ రాస్తే లాభం లేదబ్బా, ఎవరూ ఉండరు, నిజాయితీగా ఉంటే నాలుగు వరహాలు జాస్తి మిగిలేటట్టు రాయాలి.

ముందు మా ఆట సంగతి

ఇది తెలీకపోతే కింద లెక్కలు అర్థం కావు కాబట్టి గబగబా చెప్పేస్తా. నలుగురు రాజులు: మనుషులు, యక్షులు, నాగులు, రాక్షసులు. ఒక్కొక్కరికి మొదట మూడు కోటలు, మిగిలిన నాలుగూ ఖాళీ. ఒక టర్న్ అంటే ఒక నెల, చైత్రంతో మొదలై ఫాల్గుణంతో అయిపోతుంది, మొత్తం 12. కోటకి నెలకి 2 వరహాలు ఆదాయం. కొత్త దళం కొనాలంటే 3 వరహాలు. ఒక సీమలో, అంటే మ్యాపులో ఒక ముక్కలో, ఒక రాజు 4 దళాలకి మించి పెట్టకూడదు, ఈ రూల్ గుర్తుపెట్టుకోండి, కిరాయి దండు బతికేదే దీనిమీద. యుద్ధమంటే రెండు పక్కలా తలా ఒక లూడో డైస్ వేసి దానికి దళాల సంఖ్య కలపడం, కోట లోపల ఉన్నోళ్లకి ఇంకో 2 జాస్తి, సమానం వస్తే కోటలో ఉన్నోళ్లదే గెలుపు. గెలిచినోళ్లకి ఒక దళం పోతుంది, ఓడినోళ్లకి రెండు. ఎవరికి 7 కోటలు వస్తే వాళ్లు అక్కడికక్కడే గెలిచినట్టు, లేదంటే ఫాల్గుణం చివర ఎవరికి జాస్తి ఉంటే వాళ్లు.

మ్యాపు గీసేముందు ఒకసారి చంద్రగిరి కోటకి పోయి కొండ, గోడ, కింద చదును ఎట్లా ఉంటాయో చూసొచ్చినాం. ఆటకి అవసరమా అంటే కాదు, కానీ కొండకి ఆనుకున్న కోటని ఒక పక్క నుంచే కొట్టగలమనే రూల్ అక్కడే తట్టింది.

1. మనుషుల్ని లెక్కేసుకోండి

ఇద్దరు రాజులుంటే కిరాయి దండు వద్దు. అప్పుడు అది వేలంపాట, దుడ్డున్నోడు కొంటాడు, గెలుస్తాడు, ఇంకా జాస్తి దుడ్డొస్తుంది, మళ్లీ కొంటాడు. ముగ్గురుంటే ఏదో నడుస్తుంది. నలుగురు రాజులు, ఒక దండు, ఇదే సరైన లెక్క. దండుకి ఎవరు కూర్చోవాలంటే కొత్తగా వచ్చినోళ్లు మాత్రం కాదు, బేరం ఆడే నోరున్నోళ్లు కూర్చోవాలి. మా పక్కింటక్క మొదటిసారి దండు నాయకురాలిగా కూర్చున్నప్పుడు తిరుపతి గంగమ్మ జాతర దొరవేషం రోజు మాదిరి మేడంతా ఆమె గొంతే.

2. దండు చేతిలో ఏముండాలి, ఏముండకూడదు

ఉండాల్సినవి: 6 దళాలు, 10 వరహాలు, ఒక విడిది. దళాలకి చింతగింజలు కాకుండా వేరేవి వాడండి, మేము గచ్చకాయలు పెట్టినాం, బూడిద రంగులో దూరం నుంచే తెలుస్తాయి. విడిది అంటే దండు దిగిన సీమ, ఖాళీ సీమలో ఎక్కడైనా దిగొచ్చు, రాజు సీమలో అయితే ఆయన్ని అడిగి దిగాలి.

ఉండకూడనిది ఒకటే, భూమి. కోట పట్టుకోకూడదు, పన్ను వసూలు చేయకూడదు, ఎవరన్నా ప్రేమగా "దుడ్డు లేదు, ఈ కోట తీసుకో" అన్నా తీసుకోకూడదు. మొదటి ఎండాకాలం మేము తీసుకోనిచ్చినాం. రెండు కోటలు రాగానే దండు నాయకుడు ఐదో రాజైపోయినాడు, అందరికీ రేటు పెంచేసినాడు, బత్తెం, అంటే దళాల తిండి ఖర్చు, గురించి దిగులే లేదు. మన చరిత్రలో కూడా ఇట్లే జరిగింది చూడండి. నిజాం సలాబత్ జంగ్ తన దగ్గరున్న ఫ్రెంచి పటాలానికి జీతాలు ఇవ్వాలని 1753లో కొండపల్లి, ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం సర్కార్లు ఆ పటాలం నాయకుడు బుస్సీకి రాసిచ్చినాడు. జీతానికని ఇచ్చిన భూమి, నాలుగేళ్లు తిరక్కుండానే ఆ బుస్సీ విజయనగరం రాజు పక్కన నిలబడి 1757 జనవరిలో బొబ్బిలి కోట మీదికి పోయినాడు. కూలికి వచ్చినోడు ఊరి తగాదాలో తీర్పరి అయిపోయినాడు. మా ఆటలో ఈ రూల్‌కి "సర్కారు రూల్" అని పేరు.

బత్తెం సంగతి. ప్రతి నెలా రెండు దళాలకి 1 వరహా చొప్పున దండు తన పెట్టెలోంచి తీసి బ్యాంకులో వేయాలి, అంటే 6 దళాలకి 3. రాజుల దళాలకి బత్తెం లేదు, దండుకి మాత్రమే ఉంది. ఇది అన్యాయం కదా అని మా వోళ్లు మొదట గొడవ చేసినారు. కానీ బత్తెం లేకపోతే దండు నాయకుడు మంచి బేరం కోసం ఆరు నెలలు ఊరికే కూర్చుంటాడు, కూర్చున్నాడు కూడా, ఆట నిద్రపోయింది. నెలకి 3 పోతా ఉంటే వాడే లేచి "ఎవరికైనా మనుషులు కావాల్నా" అని తిరుగుతాడు.

బత్తెం కట్టలేకపోతే ఒక దళం విడిపోయి, విడిది ఉన్న సీమకి ఆనుకున్న ఏదో ఒక కోట ఆ నెల ఆదాయాన్ని దోచుకుంటుంది, ఏ కోట అనేది డైస్ చెప్తుంది. అప్పట్లో పిండారీలు ఇట్లాంటోళ్లే, చేతికి జీతం లేదు, దోపిడీయే జీతం, ఆఖరికి 1817–18లో కంపెనీ వాళ్ల మీదికి పెద్ద యుద్ధానికే దిగింది. ఈ రూల్ వల్ల ఒక మంచి జరిగింది, దండు దివాళా తీస్తుంటే చుట్టుపక్కల రాజులే భయపడి చిన్న పనన్నా ఇస్తారు.

3. రేటు ఎంత చెప్పాలి

ఇక్కడ రొంత నిదానంగా చదవండి, దండుగా ఆడేవాళ్లలో నూటికి తొంబై మంది ఓడిపోయేది ఇక్కడే.

ఒక రాజు తన 4 దళాలతో, 4 దళాలున్న కోట మీద పడినాడనుకోండి. వాడిది 4 + డైస్, కోటది 4 + 2 + డైస్. రెండు డైసులకి మొత్తం 36 రకాలు పడొచ్చు, అందులో దాడి చేసినోడు గెలిచేవి 6 మాత్రమే. సీమకి 4 దళాల హద్దు రాజుకి ఉండాది, దండుకి లేదు, కాబట్టి దండు పక్కన చేరితే ఆ హద్దు దాటొచ్చు. 2 గచ్చకాయలు కలిస్తే 36లో 15. 3 కలిస్తే 21. 4 కలిస్తే 26. ఆరూ కలిస్తే 33.

దీంట్లో ఏం కనిపిస్తా ఉంది? మొదటి రెండు కాయలకి 9 పెరిగింది, తర్వాతి రెండుకి 11, ఆఖరి రెండుకి 7 మాత్రమే. కాబట్టి ఆరూ ఒకడికే అమ్మడం తెలివితక్కువ పని, నాలుగు ఒకరికి, రెండు ఇంకొకరికి అమ్మాలి. మా పిన్ని కొడుకు ఇది కనిపెట్టడానికి నాలుగు ఆటలు పట్టింది, నేను కాగితం మీద గళ్లు గీసి లెక్కబెట్టి చూపిస్తే "ముందే చెప్పొచ్చు కదా" అని నా మీద ఎగిరినాడు.

రాజు వైపు నుంచి చూస్తే, సొంత దళం 3 వరహాలు, చచ్చేదాకా వాడిదే. కాబట్టి కిరాయి దళానికి నెలకి 1 నుంచి 1½ వరహా దాటితే ఎవరూ కొనరు. 4 దళాలు 2 నెలలకి 8 అడిగితే చవక, 10 న్యాయం, 12 అంటే అవతలోడు మంట మీద ఉండాలి.

ఇంకొక కిటుకు. దాడికి భయపడే రాజు దండుని కావలికి పెట్టుకుంటే లాభం తక్కువ, పైన లెక్కలోనే చూడండి, కోటలో 2 కాయలు చేరితే శత్రువు గెలిచే అవకాశం 6 నుంచి 1కి పడుతుంది, అంటే 5 తేడా. అదే దండు శత్రువు పక్కకి పోకుండా ఆపితే 26 కావాల్సింది 6 దగ్గరే ఆగుతుంది, 20 తేడా. అందుకే "నువ్వేం చేయద్దు సామీ, ఊరికే కూర్చో" అని ఇచ్చే దుడ్డే అన్నిటికంటే విలువైంది. ఇటలీలో 1375లో ఫ్లోరెన్స్ నగరం జాన్ హాక్‌వుడ్ అనే ఇంగ్లీషు దండు నాయకుడికి 1,30,000 ఫ్లోరిన్లు ఇచ్చింది, తమ మీదికి రాకుండా ఉండడానికే. కాకపోతే మా ఆటలో దీనికి హద్దు పెట్టినాం: ఊరికే కూర్చునే ఒప్పందం ఒక్క నెలకే, దానికి పేరు పెరగదు (పేరు లెక్క 7లో చెప్తా). లేకపోతే దండు కాస్తా రౌడీ మామూలు వసూలు చేసే బ్యాచ్ అయిపోతుంది.

4. చీటీ రాయడం

ప్రతి ఒప్పందమూ చీటీ మీదే. నోటిమాటకి విలువ లేదు, 1959లో వచ్చిన డిప్లొమసీ ఆటలో ఎంత తియ్యగా మాటిచ్చినా దానికి ఎవరూ కట్టుబడక్కర్లేదు కదా, మా దగ్గర కూడా చీటీ బయట అంతే. చీటీలో ఐదు ముక్కలు: ఎవరు, ఏ పని, ఎక్కడ, ఎన్ని దళాలు ఎన్ని నెలలు, ఎంత దుడ్డు. నెలలు ఒకటి నుంచి మూడు దాకా.

పని మూడు రకాలే పెట్టుకోండి: దాడి, కావలి, ఊరికే. ఇంతకు మించి పెడితే లాయర్ల మాదిరి తయారవుతారు. ఒకసారి చీటీలో "సాయం చేయాలి" అని రాసినారు. రాక్షసుల రాజు దాడికి పోయినాడు, దండు పక్క సీమలో నిలబడి చూస్తా ఉండాది. "సాయం అన్నావు కదరా" అంటే "ధైర్యం చెప్పినా కదా, అది సాయం కాదా" అన్నాడు మా వోడు, మొహంలో నవ్వు కూడా లేకుండా. రాత్రి పదకొండు దాటింది, కింద నుంచి మా అమ్మ అరుస్తా ఉంది, ఘాట్ రోడ్డు దీపాలు తప్ప ఊర్లో సగం లైట్లు ఆరిపోయినాయి, మేము మాత్రం సాయం అంటే ఏందని కొట్లాడుకుంటా ఉన్నాం. ఆ మరుసటి రోజే మూడు పనులకీ అర్థాలు రాసి అట్టకి అంటించినాం:

దాడి అంటే చీటీలో రాసిన సీమ మీదికి, యజమాని దళాలతో కలిసి, డైస్ వేసేటప్పుడు లెక్కలోకి రావాలి. గెలవడం పనిలో భాగం కాదు, ఓడినా దుడ్డు రావాల్సిందే.
కావలి అంటే ఆ సీమ దాటి బయటికి పోకూడదు. మన పక్క పాలెగాళ్లు ఊళ్లకి కావలి కాసి రుసుం వసూలు చేసేవాళ్లు కదా, అదే లెక్క, ఊరు దాటి వచ్చి కొట్లాడమని అడిగే హక్కు లేదు.
ఊరికే అంటే ఆ నెలలో చీటీ ఇచ్చిన రాజు మీదికి ఎవరి తరపునా పోకూడదు. మిగతావాళ్ల పనులు చేసుకోవచ్చు.

ఎవరు పెట్టుకున్నారు, ఎన్ని నెలలు అనేది అందరికీ చెప్పాలి. ఏ సీమ, ఎంత దుడ్డు అనేది చీటీ మడిచి కింద పెట్టండి, పని జరిగినప్పుడు తెరవాలి. మొత్తం దాచి చూసినాం, అనుమానాలతో ఆట చెడింది. మొత్తం తెరిచి చూసినాం, చప్పగా ఉండింది. సగం సగమే బాగుండాది.

5. అచ్చారం, గ్లాసు

ఒప్పుకున్న దుడ్డులో సగం అచ్చారం, అంటే అడ్వాన్సు, అప్పుడే దండు చేతికి. మిగతా సగం రాజు దగ్గర ఉండకూడదు, మ్యాపు మధ్యలో బోర్లించిన స్టీలు గ్లాసు కింద ఉండాలి, చీటీ కూడా దాంతోనే. పని అయినాక గ్లాసు ఎత్తాలి. ఇది మా ఇంట్లో కాఫీ గ్లాసే, దీనికంటే మంచి రూల్ మేము ఇంతదాకా రాయలేదు. అంతకుముందు "పని అయినాక ఇస్తాలే" అనేవాళ్లు, పని అయ్యే లోపల ఆ దుడ్డుతో దళాలు కొనేసేవాళ్లు. పూర్వం ఉత్తర ఆఫ్రికాలో కార్తేజ్ రాజ్యం వాళ్లు చేసింది ఇదే. రోము మీద యుద్ధం క్రీ.పూ. 241లో అయిపోయింది, కిరాయి సైన్యానికి బాకీ పూర్తిగా ఇవ్వకుండా బేరాలాడినారు, ఆ సైన్యమే తిరగబడి మూడేళ్లకి పైగా కార్తేజ్‌ని నాకించింది.

పోయిన దళానికి కూడా లెక్క ఉండాలి. దండు దళం ఒకటి యుద్ధంలో పోతే యజమాని 2 వరహాలు కట్టాలి. కలిసి ఓడినప్పుడు మొదట యజమాని దళం, రెండోది దండుది. ఇది లేకపోతే దండు నాయకుడు నిజమైన యుద్ధానికి రాడు, ఎందుకొస్తాడు, ఆ ఆరు గచ్చకాయలే వాడి ఆస్తి.

6. ఎవరి పక్షమూ కాదు అంటే ఏంది

ఒకేసారి రెండు చీటీలు ఉండొచ్చు, కానీ ఒకే యుద్ధంలో రెండు పక్కలా ఉండకూడదు, చీటీ నడుస్తున్న రాజు మీదికి ఇంకొకరి తరపున పోకూడదు.

చీటీ అయిపోయిన తర్వాతి నెల ఆ పాత యజమాని మీద దాడికి ఒప్పుకోకూడదు. దీన్ని మేము ఉప్పు నెల అంటాం. తిన్న ఉప్పు ఒక నెలన్నా కడుపులో ఉండాలి కదా. ఆ నెల దాటితే ఇష్టం. హాక్‌వుడ్ కూడా 1364లో పీసా తరపున ఫ్లోరెన్స్ మీద కొట్లాడినోడే, తర్వాత అదే ఫ్లోరెన్స్‌కి ఏళ్ల తరబడి పనిచేసి 1394లో పోతే ఆ ఊరోళ్లే ఘనంగా సాగనంపినారు. ఒప్పందం ముగించుకుని పక్క మారడం ద్రోహం కాదు, ఇది కొత్తగా ఆడేవాళ్లకి గట్టిగా చెప్పండి, లేకపోతే ప్రతి నెలా ఏడుపే.

ఒకే రాజుకి వరసగా రెండు చీటీలే. మూడోది వేరే ఎవరికైనా చేసినాకే. అన్నదమ్ములు, భార్యాభర్తలు, ఒకే రూములో ఉండే ఫ్రెండ్స్ కలిసి ఆడేచోట ఈ రూల్ లేకపోతే ఆట మొదలుపెట్టకపోవడమే మేలు.

7. పేరు

ద్రోహం చేయకూడదని మా అట్టలో ఎక్కడా లేదు. చేయొచ్చు. కాకపోతే ఖర్చు ఉండాది.

పేరుకి సున్నా నుంచి ఆరు దాకా గళ్లు గీయండి, దండు 3 దగ్గర మొదలవుతుంది. చీటీ పూర్తి చేస్తే 1 పెరుగుతుంది. మధ్యలో ఎగ్గొడితే 2 తగ్గుతుంది, గ్లాసు కింద దుడ్డు రాజుకి వాపసు, అచ్చారం రెండింతలు కట్టాలి, కట్టలేకపోతే ఉన్నదంతా ఇచ్చి పేరు ఇంకొకటి తగ్గించుకోవాలి.

పేరు 5, 6 ఉన్నోడు మొత్తం దుడ్డు ముందే అడగొచ్చు. 3, 4 ఉంటే సగం అచ్చారం. 1, 2 అయితే అచ్చారమే లేదు, అంతా గ్లాసు కిందే, మరి ఈ నెల బత్తెం యాడనుంచి తెస్తాడో వాడి ఇష్టం. సున్నాకి పడితే ఏ రాజైనా విడిది మీద పడొచ్చు, గెలిస్తే పెట్టెలో సగం వాళ్లదే. సున్నా నుంచి లేవాలంటే ఎవరికైనా ఒక నెల దుడ్డు తీసుకోకుండా పని చేయాలి.

యజమాని రాజ్యమే మధ్యలో పోతే? క్రీ.పూ. 401లో పర్షియా రాకుమారుడు సైరస్ పదివేల మంది గ్రీకుల్ని జీతానికి తీసుకుపోయినాడు, కునాక్సా దగ్గర వాడే చచ్చిపోయినాడు, ఆ గ్రీకులు పరదేశంలో దిక్కులేకుండా నల్ల సముద్రం దాకా నడిచినారు. మా రూల్: గ్లాసు కింద దుడ్డు దండుది, ఆ నెల ఏ సీమలోంచైనా అడ్డం లేకుండా నడిచి పోవచ్చు, పేరు పెరగదు, తగ్గదు.

8. దండు ఎట్లా గెలుస్తుంది

ఫాల్గుణం చివర మూడూ ఉండాలి: పెట్టెలో 30 వరహాలు, పేరు 4 లేదా పైన, కనీసం ముగ్గురు రాజులకి పూర్తి చేసిన చీటీలు. ఉంటే దండే గెలిచినట్టు, ఏ రాజుకి ఎన్ని కోటలున్నా సరే. కానీ మధ్యలో ఎవరన్నా 7 కోటలు కొట్టేస్తే ఆట అప్పుడే ఖతం, దండు ఓడినట్టు.

చూడండి దీని పనితనం. యుద్ధం సాగితేనే దండుకి లాభం, ఎవడో ఒకడు తొందరగా గెలిస్తే నష్టం. కాబట్టి 6 కోటలున్నోడికి దండు దొరకడం కష్టమవుతుంది, బలహీనుడికి తక్కువ రేటుకే దొరుకుతుంది, ఎవరూ చెప్పకుండానే తూకం రాయి మాదిరి పనిచేస్తుంది. ఇద్దరూ కలిసి గెలవడం అనేది లేనే లేదు, పెట్టకండి.

30 ఎక్కువా తక్కువా? పన్నెండు నెలల బత్తెం 36, మొదటి 10 తీసేస్తే సంపాదించాల్సింది 56. పోరాటంలో దళాలు పోతే బత్తెం తగ్గుతుంది కానీ అమ్ముకునే సరుకు కూడా తగ్గుతుంది. నెలకి సగటున 5 వరహాల పని దొరికితే అటూ ఇటూ సరిపోతుంది. మీ వోళ్లు పిసినారులైతే 25 పెట్టుకోండి.

చివరి నెలల్లోనే ఎవరిని గెలిపించాలనే కక్ష బయటికొస్తుంది, కాబట్టి పుష్యం తర్వాత కొత్త చీటీ రాయకూడదు, ఫాల్గుణం దాటే చీటీ చెల్లదు.

9. ఒక నెల ఆడి చూపిస్తా

నెలలో వరస ఇది: ఆదాయం, బత్తెం, సంత, కదలిక, యుద్ధం, గ్లాసులు. సంత అంటే బేరాల టైము, ఫోన్లో ఐదు నిమిషాల టైమర్ పెట్టండి, మోగితే నోరు మూయాలి.

ఆషాఢం. నాగుల రాణి పక్కింటక్క, చేతిలో 13 వరహాలు. యక్షుల రాజు మా అన్న, ఏటికోటలో 4 దళాలు. దండు పేరు 4. దండు నాయకుడు బత్తెం 3 కట్టేసినాడు. సంత మొదలవగానే అన్న వాసన పట్టి "ఈ నెల ఊరికే కూర్చో, 7 ఇస్తా" అన్నాడు. అక్క గొంతు తగ్గించి "రెండు నెలలు, నాలుగు దళాలు, 10" అంది. 7 ఒక నెలకే కదా, నిజానికి అదే మంచి రేటు, కానీ దాంతో పేరు రాదు, నాగులకి పూర్తి చేసిన చీటీ కూడా వాడికి ఇంకా లేదు. అక్కకే ఒప్పుకున్నాడు. 5 చేతికి, 5 గ్లాసు కిందికి. మిగిలిన రెండు కాయలు మనుషుల రాజుకి ఒక నెల కావలికి 3 వరహాలు.

యుద్ధం. అక్క 4, దండు 4, డైస్ 2, మొత్తం 10. అన్న 4, కోట 2, డైస్ 5, మొత్తం 11. 36లో 26 అని లెక్కేసి పోయిన దాడి ఓడిపోయింది. అక్క మొహం చూడాలి. "ఓడినోడికి దుడ్డెందుకు" అని మొదలుపెట్టింది, అట్ట చూపించినాం. ఆమెది ఒక దళం, దండుది ఒకటి పోయినాయి, దండుకి 2 కట్టింది, చేతిలో 1 మిగిలింది. అన్నకి కూడా ఒక దళం పోయింది.

రెండు నెలలకి చీటీ ఎందుకు రాయాలో శ్రావణంలో తెలిసింది. అక్కకి నాలుగు కోటల ఆదాయం 8 వచ్చింది, 3 పెట్టి దళం కొనుక్కుని మళ్లీ 4 చేసుకుంది. దండుకి కావలి కాసిన రెండూ ఉన్నా చీటీలో మిగిలినవి మూడే, ఇంకొకటి కావాలంటే వేరే దుడ్డు అన్నాడు, ఆమె ఇవ్వలేదు. అన్న కూడా ఒకటి కొని 4 చేసినాడు. 4 + 3 మీద 4 + 2, అంటే 36లో 21. డైసులు 4, 3 పడినాయి, ఏటికోట నాగులదైంది. గ్లాసు ఎత్తినారు, 5 వరహాలు, కావలి చీటీకి 5 అయిన పేరు ఇప్పుడు 6. భాద్రపదం ఉప్పు నెల, అక్క మీదికి పోలేడు, అన్న మాత్రం ఆ నెలంతా వాడి పక్కన కూర్చుని ఆశ్వయుజం గురించి చెవిలో ఊదతానే ఉన్నాడు.

10. ఆరో మనిషి వస్తే

ఇద్దరు దండు నాయకులు పెట్టొచ్చా అని అడుగుతారు. పెట్టొచ్చు, తలా 4 గచ్చకాయలు, 25 వరహాల గురి. వాళ్లిద్దరూ ఎదురెదురు పక్కల్లో పడితే? ఇటలీలో నోవారా దగ్గర 1500లో మిలన్ డ్యూకు దగ్గరా, ఫ్రెంచి రాజు దగ్గరా కిరాయికి ఉన్నది స్విస్ వాళ్లే, డ్యూకు తరపు స్విస్ వాళ్లు మా వాళ్ల మీద మేము కత్తి ఎత్తం అనేసినారు, డ్యూకు స్విస్ సిపాయి వేషమేసుకుని పారిపోబోయి దొరికిపోయినాడు. మేము రాసుకున్నది ఏందంటే, ఎదురుపడితే ఇద్దరు నాయకులూ ఒకేసారి పిడికిలి తెరవాలి, లోపల గచ్చకాయ ఉంటే కొట్లాడతాను అని, ఖాళీగా ఉంటే తప్పుకుంటాను అని. ఇద్దరూ ఖాళీ చేతులైతే ఇద్దరి దళాలూ లెక్కలోకి రావు, ఇద్దరి పేరూ 1 తగ్గుతుంది. ఒకరే తప్పుకుంటే వాళ్లకి చీటీ ఎగ్గొట్టినట్టే లెక్క. ఇది ఇంకా మూడు ఆటల్లోనే ఆడినాం, రెండుసార్లు ఇద్దరూ ఖాళీ చేతులే తెరిచినారు, మూడోసారి మా పిన్ని కొడుకు పిడికిట్లో కాయ ఉండింది.

గచ్చకాయలు రెండు ఎక్స్‌ట్రా పెట్టుకోండి, మేడ మీద నుంచి దొర్లి వీధిలో పడితే రాత్రిపూట దొరకవు.